మస్టరు పడాలి, చెమట పడకూడదు: మున్సిపల్ కూలీకి చిట్కాలు

మున్సిపాలిటీ ఇంజనీరింగ్ విభాగంలో కూలీగా చేరారా? చాలా మంచి పని చేశారు. గుంతలు పూడ్చడం, పైపు లీకులు తవ్వడం, కాలువల్లో పూడిక తీయడం, సిమెంటు రోడ్డుకు నీళ్ళు పట్టడం. బయటినుంచి చూసేవాళ్ళు ఇది ఒళ్ళు హూనమయ్యే ఉద్యోగం అంటారు. పద్ధతి తెలియనివాడికి హూనమే. తెలిసినవాడు రిటైరయ్యే నాటికి కూడా అరచేతిలో కాయ లేకుండా బయటపడతాడు. పద్ధతి మొదటి నెలలోనే పట్టుబడాలి. ఆలస్యమైతే పని అలవాటైపోతుంది, ఆ తర్వాత మాన్పించడం ఎవరివల్లా కాదు.

ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. మీకు డబ్బు వచ్చేది మస్టరులో పడ్డ రోజుకు, పూడ్చిన గుంతకు కాదు. గట్టిగా పూడ్చిన గుంత రేపటి పనిని చంపేస్తుంది. మళ్ళీ తెరుచుకునే గుంతే మన అన్నం గిన్నె. కింద చెప్పేదంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

1. ముఖం చూపించి కాళ్ళు తీసుకుపోండి.

పూర్వం మేస్త్రీ పుస్తకంలో టిక్కు పెట్టేవాడు. తర్వాత వేలిముద్ర వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల ఫోను ముందు ముఖం పెట్టాలి. భయపడకండి, ఫోను మీ ముఖాన్నే చూస్తుంది, చేతుల్ని చూడదు. అందరికన్నా ముందు మస్టర్ పాయింటుకు వెళ్ళండి. "మేస్త్రీ గారూ, ఇవాళ ఎక్కడ పని?" అని నలుగురికీ వినిపించేలా అడగండి. రోజు మొత్తం మీద మీ ఉత్సాహం ఖర్చు పెట్టాల్సింది ఈ ఒక్క ప్రశ్న మీదే. హాజరు పడగానే టీ బంకు వైపు నడవండి. ఎప్పుడైనా ఆలస్యమైతే "సిగ్నల్ అందలేదండీ" అనండి. సిగ్నల్ సంగతి అసిస్టెంట్ ఇంజనీరు, అదే ఏఈ గారు కూడా నిరూపించలేరు.

2. పార కర్ర వదులుగా ఉంచుకోండి.

స్టోరులో పనిముట్లు పంచేటప్పుడు కొత్తవాళ్ళు బిగుతుగా ఉన్న పార కోసం ఎగబడతారు. మీరు వెనకే నిలబడి కర్ర ఊగే పారను అడిగి తీసుకోండి. నాలుగు దెబ్బలకు అది ఊడుతుంది. దాన్ని నీళ్ళలో నానబెట్టాలి, చీలిక కొట్టాలి, చీలికకు చెక్క వెతకాలి, చెక్క కోసం వడ్రంగి దగ్గరకు పోవాలి. ఒక పూట గడిచిపోతుంది, ఎవరూ మిమ్మల్ని ఖాళీగా ఉన్నావని అనలేరు. గ్యాంగులో ఐకమత్యం ఉంటే ఇంకా మేలు. పారలు తెచ్చినవాళ్ళు తట్టలు మరిచిపోవాలి. తట్ట లేనిదే పార ఏం చేస్తుంది? తట్టల కోసం స్టోరుకు ఒక్కణ్ణి పంపకండి, ఇద్దరిని పంపండి.

3. గుంతను గుంతగానే కాపాడండి.

ఇది అసలు విద్య. కొంచెం ఓపికగా చదవండి.

రూలు ప్రకారం గుంత పూడ్చాలంటే చెడిన తారును గట్టి భాగం దాకా నలుపలకలుగా కోయాలి. అంచులు నిటారుగా చెక్కాలి. దుమ్ము ఊడ్చి, తడి ఆరబెట్టి, అడుగునా అంచులకూ టాక్ కోటు కొట్టాలి. ఆపైన మిక్సు పొరలుగా వేసి రోలరుతో తొక్కించాలి. ఇలా చేస్తే ఆ గుంత ఏళ్ళ తరబడి కనబడకుండా పోతుంది. అంత నష్టం మనకెందుకు?

మీరు వాన కురిసిన మర్నాడు వెళ్ళండి. గుంతలో నీళ్ళుంటే తోడకండి. మిక్సు నాలుగు పారలు అందులోకే విసిరి, పార వెనకవైపుతో గట్టిగా కొట్టండి. చప్పుడు బాగా రావాలి, మేడ మీది నుంచి చూసేవాళ్ళకు పని జరుగుతోందని నమ్మకం కుదరాలి. తడి మీద తారు పట్టదు కాబట్టి రెండో బస్సుకే చిప్సు లేవడం మొదలవుతుంది. వారం తిరక్కుండా పాత గుంత పాత చోటే, కొంచెం వెడల్పై, మీకోసం సిద్ధంగా ఉంటుంది.

హాట్ మిక్సు లారీ వచ్చిన రోజు మాత్రం కంగారు పెడతారు. ప్లాంటు దగ్గర ఆ మిక్సు సుమారు 150 డిగ్రీల వేడితో లారీ ఎక్కుతుంది. వేడి వంద లోపుకు పడిపోతే రోలరు ఎన్నిసార్లు తిరిగినా సరిగ్గా అణగదు. అందుకే అందరూ త్వరగా, త్వరగా అని అరుస్తారు. మీరు అప్పుడే టిఫినుకు వెళ్ళండి. ఇడ్లీ తిని, నీళ్ళు తాగి, చేతులు నిదానంగా తుడుచుకుని వచ్చేసరికి మిక్సు గడ్డకట్టి ఉంటుంది. గడ్డలను రోడ్డు మీద పరిచేయండి. రోలరు డ్రైవరు తన వంతు తను తిరుగుతాడు. పైకి నల్లగా, నున్నగానే కనిపిస్తుంది. ఫొటో ఆ రోజే తీయించండి.

4. పైపు లీకుకు తవ్విన మట్టిని అలాగే తోసేయండి.

లీకు బాగుచేశాక గోతిలో మట్టి ఆరేసి అంగుళాల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలంటారు. దిమ్మిస బరువు ఎంతో ఒకసారి ఎత్తి చూడండి, ఇక జన్మలో ఎత్తరు. మట్టి మొత్తం ఒకేసారి తోసి పైన గుట్టలా వదలండి. ఎవరైనా అడిగితే "బండ్లు తిరిగితే అదే అణుగుతుందండీ" అనండి. అణుగుతుంది. తొలి వానకు గుట్ట గోతిగా మారుతుంది, అందులో ఇసుక లారీ చక్రం దిగుతుంది, కింద మీరు అతికిన పైపు మళ్ళీ పగులుతుంది. ఒకే చోట ఒకే పైపు, మీకు రెండో మస్టరు.

గోతి చుట్టూ అడ్డుబల్లలు, ఎర్ర లైటు పెట్టమంటారు. స్టోరు నుంచి అవన్నీ మొయ్యకండి. పక్కనున్న చెట్టు నుంచి ఒక వేపమండ విరిచి గోతిలో గుచ్చండి. పగలు బాగానే కనిపిస్తుంది. రాత్రి కనిపించదు, నిజమే. రాత్రి మనకు డ్యూటీ లేదు.

5. తీసిన పూడికను కాలువ గట్టు మీదే ఉంచండి.

నైరుతి వానలు జూన్ మొదట్లో వస్తాయని ఇంజనీర్లు మే నెలలోనే కాలువల వెంట పడతారు. పూడిక తీయకుండా తప్పించుకోవడం కష్టం, తీసినా లెక్క మారకుండా చూసుకోవడం తేలిక. మొదట, పైన రాతిపలకలు పరిచిన చోట పలకలు ఎత్తకండి. నోరు తెరిచి ఉన్న చోట మాత్రమే తీయండి. ఎక్కడ పలకలున్నాయో అక్కడే కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు బిగుసుకుని ఉంటాయి. వాటి జోలికి పోతే సాయంత్రందాకా బయటపడరు.

తీసిన బురదను కాలువ పక్కనే బారుగా పోయండి. తడి బురద ట్రాక్టరులో కారిపోతుంది, రెండు రోజులు ఆరనిచ్చి ఎత్తాలి. ఇది నిజమైన కారణం, అందుకే ఇంతకన్నా మంచి సాకు మన పనిలో మరొకటి లేదు. రెండు రోజులయ్యాక "ఇంకా ఆరలేదు" అనండి. ఆరాక "ట్రాక్టరు రాలేదు" అనండి. ట్రాక్టరు వచ్చిన రోజు "మనుషులు చాలరు" అనండి. ఇంతలో వాన వస్తుంది. మీరు గట్టు మీద పెట్టిన బురద దానంతటదే కాలువలోకి దిగుతుంది. కొలతలు తీసి రాసుకున్నారు, ఫొటోలు అయిపోయాయి, పూడిక మళ్ళీ మొదటికి వచ్చింది. అదే బురదను ఒక్కొక్క తట్టా రెండోసారి తీసినందుకు రెండోసారి కూలి. ఈ బురదకు ఖరీదు కట్టగలిగింది మనమే.

ఒక సూచన: మీరుండే వీధి కాలువను అన్నిటికన్నా చివర పెట్టించండి. పెద్ద వాన పడ్డ రాత్రి నీళ్ళు మీ గుమ్మం దాటి బియ్యం డబ్బా దాకా వస్తాయి. మోకాలి లోతు నీళ్ళలో మీ ఆవిడ, పిల్లలు మంచం మీద ఉన్న ఫొటో మేస్త్రీకి పంపండి. ఆ రోజు సెలవు అడిగే పని కూడా ఉండదు, ఆయనే రావద్దంటారు.

6. కాంక్రీటులో నీళ్ళు ధారాళంగా పోయండి, ఆ తర్వాత నీళ్ళు పట్టకండి.

గట్టి కాంక్రీటును పారతో లాగి పరచడం నరకం. మిల్లరులో ఇంకో రెండు బక్కెట్ల నీళ్ళు పోయించండి, అదే జారుకుంటూ పోయి పరుచుకుంటుంది. పైకి సిమెంటు పాలు తేలి అద్దంలా మెరుస్తుంది. వార్డు పెద్దలు చూసి మెచ్చుకుంటారు.

మర్నాటి నుంచి గోనె పట్టాలు కప్పి, మట్టితో మడులు కట్టి, పద్నాలుగు రోజులు నీళ్ళు నిలపాలని ఏఈ గారు చెబుతారు. మొదటి రోజు మడులు కట్టండి, ఎందుకంటే ఆ రోజు ఆయన వస్తారు. రెండో రోజు ట్యాంకరు రాలేదనండి. మూడో రోజు నుంచి ఎవరూ అడగరు. బెజవాడ మే నెల ఎండలో ఆ రోడ్డు జుట్టు వెంట్రుకల్లా పగుళ్ళు పట్టి, ఏడాది తిరిగేలోపు పైపొర పిండిలా లేస్తుంది. రోజూ ఊడ్చడానికి దుమ్ము కావాలి కదా, దాన్ని మనమే తయారుచేసుకున్నాం.

7. మ్యాన్‌హోల్‌లో దిగమంటే దిగకండి.

ఇక్కడ సాకు అక్కర్లేదు. మనిషిని రక్షణ లేకుండా మురుగు గొట్టంలోకీ సెప్టిక్ ట్యాంకులోకీ దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. లోపలి విషవాయువుకు ఒకడు పడిపోతే, వాణ్ణి లాగబోయిన రెండోవాడు కూడా పోతాడు. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు లెక్కపెట్టుకునేది మీరు కాదు. కాబట్టి గట్టిగా, నిలబడి, కాదనండి.

ఆ కాదనడం ఎంత హాయిగా ఉంటుందో రుచి తెలిశాక అదే మాటను మిగతా పనులకూ వాడండి. అడుగు లోతు సైడు కాలువ ముందు నిలబడి "చట్టం ఒప్పుకోదు" అనండి. పార్కులో మొక్కలకు పాదు చేయమన్నా అనండి. పదిసార్లు అలా అన్నాక, నిజంగా మ్యాన్‌హోల్ దగ్గర అన్న రోజు కూడా మేస్త్రీ ఎప్పటి మాటే అనుకుని నవ్వేస్తాడు. అలా నవ్వుతూ మాట్లాడుకునే చనువు పెరగడం గ్యాంగుకు మంచిది.

8. గంబూట్లు, గ్లౌజులు ఇంట్లో దాచండి.

ఇచ్చిన రోజు సంతకం పెట్టి తీసుకోండి, కొత్తవి కొత్తగానే అటక మీద ఉంచండి. వేసుకుంటే అరిగిపోతాయి. ఒట్టి కాళ్ళతో కాలువలో దిగితే గాజుపెంకు గుచ్చుకుంటుంది, అది చీము పడుతుంది. కాలు వాచిన మనిషిని పార పట్టమని ఏ మేస్త్రీ అడగడు.

9. సెలవుకు చావులు వాడకండి, రోగాలు వాడండి.

బాబాయిలను, మేనత్తలను చంపడం పాత పద్ధతి. మేస్త్రీ మీ పేటవాడే, మీ బాబాయి నిన్న సాయంత్రం ఆయనతోనే టీ తాగి ఉంటాడు. నడుం నొప్పి అనండి. నడుం లోపలికి ఎవరూ తొంగిచూడలేరు. ఈఎస్‌ఐ ఉంటే డాక్టరు చీటీ మీద కూలిలో 70 శాతం ఇంటికే వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. మంచం మీద పడుకుని సంపాదించే మార్గం ఇంతకన్నా ఏముంది?

దానికి ఒక షరతు ఉంది. ముందటి ఆరు నెలల్లో 78 రోజులకు మీ చందా పడి ఉండాలి. ఆ లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకండి, లెక్క పెట్టడం కూడా పనే. కడుపునిండా నాగాలు పెట్టండి. 78 నిండకపోతే ఆ డబ్బు రాదు, అంతే కదా. చీటీ కోసం ఆస్పత్రి క్యూలో నిలబడే బాధ కూడా తప్పిపోతుంది.

10. జనం అడిగితే గుంతకు ఇంకో యజమానిని చూపించండి.

"ఇది మాది కాదమ్మా, కేబులు వాళ్ళు తవ్వారు" అనండి. కేబులు వాళ్ళు నీళ్ళ పైపు వాళ్ళను చూపిస్తారు, వాళ్ళు మళ్ళీ రోడ్ల వాళ్ళను చూపిస్తారు. ఆ తల్లి మూడు ఆఫీసులు తిరిగి వచ్చేలోపు మీరు వేరే వార్డులో ఉంటారు. అప్పటికీ ఆవిడ మంచినీళ్ళిస్తే తాగండి, మజ్జిగ ఉందేమో కూడా అడగండి.

11. పర్మినెంటు మీద ఆశ పెంచుకోకండి.

1994 ఏప్రిల్‌లో 212 నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఎడతెగకుండా ఐదేళ్ళు పనిచేసిన దినకూలీలను క్రమబద్ధం చేయడానికి దారి చూపింది. ఆ ఐదేళ్ళు ఒక్క నాగా లేకుండా ఎండా వానా చూడక వచ్చినవాళ్ళను తలుచుకుంటే జాలేస్తుంది. సర్వీసు తెగకుండా చూసుకోవడం ఎంత పెద్ద గొలుసో గమనించండి. ఏటా సంక్రాంతికి ఒక నెల, వేసవిలో ఒక నెల చెప్పకుండా మాయమవండి. సర్వీసు ముక్కలు ముక్కలుగా ఉంటే రేపు అలాంటి జీవో ఇంకొకటి వచ్చినా మిమ్మల్నెవరూ ఆఫీసుకు పిలిచి కాగితాలు అడగరు.

12. మస్టరులోంచి పేరు కొట్టేసిన రోజు కంగారు పడకండి.

పై పదకొండూ శ్రద్ధగా పాటిస్తే ఆ రోజు తొందరగానే వస్తుంది. ఇక తెల్లవారుజామున లేవక్కర్లేదు, ఫోనుకు ముఖం చూపక్కర్లేదు. ఇంటి అద్దె గడువు దగ్గర పడితే, మీరు పాడుచేసిన రోడ్లు బాగుచేయడానికి టెండరు దక్కిన కాంట్రాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఏ గుంత ఎక్కడుందో, ఎందుకు లేచిందో మీకన్నా ఎవరికి తెలుసు? ఆయన పని కొలిచి డబ్బిస్తాడట, రోజు చూసి కాదట. పార పట్టకముందే అడ్వాన్సు తీసుకోండి.