సుత్తిదేవుడి కొత్త భక్తుడు

మార్కాపురం పలకల ఊరు. ఓనమాలు మొదలుపెట్టేవాళ్ళకి ఇక్కడ కొదవ లేదు. 'అ' దిద్ది, 'ఆ' రాకముందే పలక తిరగేసి కోడిపుంజు బొమ్మ గీసేవాడు వీధికొకడు ఉంటాడు. పెద్దల భాషలో వీణ్ణి ఆరంభశూరుడంటారు. మావైపు అంత మర్యాద లేదు. "వాడికి మళ్ళా ఏందో పట్టింది" అంటారు.

అలాంటివాడే మనవాడు. వాడికి నిరుడు పట్టింది కొర్రన్నం. అంతకుముందు షేర్లు. ఇంకా ముందు జపాను భాష. అందులో నమస్కారమూ ధన్యవాదాలూ దాకా వెళ్ళాడు గానీ, గిద్దలూరులో ఆ రెండింటితో పని పడే జపానువాడు తగల్లేదు. ఈ ఏడు ఏకంగా మతమే పట్టింది. అదీ స్థానికం కాదు. క్రైస్తవం రాకముందు నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్లాండుల్లో జనం కొలిచిన ఓడిన్, థోర్, ఫ్రేయాల పాత మతం.

ఈ జ్ఞానోదయం తెలుగు డబ్బింగు సినిమాలో జరిగింది. సినిమా థోర్‌ది బంగారు జుట్టు. పాత కథల థోర్‌ది ఎర్రగడ్డం. ఆయన బండికి రెండు మేకలు. ఆకలేస్తే వాటినే కోసుకు తింటాడు. తెల్లారి చర్మమూ ఎముకలూ పోగేసి సుత్తితో దీవిస్తే మేకలు మళ్ళీ లేచి నిలబడతాయి. ఈ ఒక్క విద్య మా తర్లుపాడు, కొమరోలు కాపర్లకి తెలిసుంటే మావైపు వలసలే ఉండేవి కావు. సినిమాలో 'లోకి' అనే అతను థోర్‌కి తమ్ముడి వరస. పాత పద్యాల్లో అతను ఓడిన్‌తో నెత్తురు కలుపుకుని సోదరుడైనవాడు. ఇవి మనవాడికి తెలియవు. ఇంకా పుస్తకం కొనలేదు.

పుస్తకం తప్ప మిగతావన్నీ కొన్నాడు. ముందు గడ్డం పెంచి దానికి జడ వేశాడు. తర్వాత మెడలోకి సుత్తి లాకెట్టు వచ్చింది. కొమ్ముల టోపీకి డబ్బు కట్టబోతుంటే నేనే అడ్డం పడ్డాను. వైకింగులు కొమ్ముల టోపీలతో యుద్ధాలు చేశారనడానికి ఆధారం లేదు. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకానికి వేషాలు సమకూర్చినాయన పుణ్యమా అని ఆ కొమ్ములు లోకానికి అంటుకున్నాయి. "పైగా గడ్డం జడా, నెత్తిన కొమ్ములూ కలిస్తే జనం గంగిరెద్దనుకుని చీర కప్పుతారు" అన్నాను. ఆధారం లేదన్న మాటకి కాదు, చీర మాటకి ఆగాడు.

తర్వాత రూనులు. అవి ఆ దేశాల పాత లిపి. రాళ్ళ మీద చెక్కేవాళ్ళు. రాయి మనూళ్ళోనే దొరుకుతుంది గదా అని పలకల గనికి వెళ్ళి ఒక బండ తెచ్చి, తన పేరు చెక్కమన్నాడు. చెక్కే అతను కాగితం చూసి, "అన్నా, పలక మీద తప్పు రాస్తే తుడుచుకోవచ్చు. చెక్కినాక తుడవలేం" అన్నాడు. అన్నట్టే అయింది. పాత పద్ధతిలో ఇరవై నాలుగు అక్షరాలు, వైకింగుల కాలానికి పదహారే. మనవాడు రెండూ కలిపి చెక్కించాడు. ఆ బండ ఇప్పుడు వాళ్ళింట్లో బట్టలుతకడానికి పనికొస్తోంది.

ఒక తప్పు మాత్రం నవ్వి వదిలేసేది కాదు. బండి ట్యాంకు మీద రెండు మెరుపు గీతలు అంటించుకుని "థోర్ పిడుగులు" అన్నాడు. అవి హిట్లర్ ఎస్సెస్ దళాల గుర్తు. యూదుల్ని ఊచకోత కోసినవాళ్ళు రూనుల్ని అలా మైల చేశారు. ఈ దేవుళ్ళ పేరు చెప్పుకుని తెల్లజాతి గొప్పలు పోయే గుంపులు ఇప్పటికీ ఉన్నాయి. కొత్తగా అడుగుపెట్టేవాడు మొదట వాసన చూసి తప్పుకోవలసింది వాళ్ళ నుంచే. మనవాడు ఆ సాయంత్రమే కిరసనాయిలు పెట్టి గీకేశాడు. వెర్రివాడే గానీ చెడ్డవాడు కాదు.

ఇంట్లో గొడవ గురువారం దగ్గర వచ్చింది. ఇంగ్లీషు గురువారానికి పేరు థోర్ మీదనే వచ్చింది. బుధవారం ఓడిన్‌ది. అందుకని గురువారం మేకమాంసం వండమన్నాడు. వాళ్ళమ్మ సాయిబాబా పటం వైపు చూపించి, "గురువారం ఈ ఇంట్లో నీసు లేదు. మీ దేవుణ్ణి ఆదివారం రమ్మను" అంది.

తెలుగులో సుత్తికి రెండర్థాలు. మనవాడి దగ్గర రెండూ ఉన్నాయి. మార్కాపురం రోడ్డు స్టేషనులో గిద్దలూరు వైపు పోయే ప్యాసింజరెక్కి నా పక్కన కూర్చున్నాడంటే, సృష్టితో మొదలుపెట్టి ప్రళయం దాకా దిగడు. ఆవేళ తర్లుపాడులో ఒక అవ్వ గంపతో ఎక్కింది. కంభం దగ్గర వాళ్ళ పల్లెలో పోలేరమ్మ కొలుపట. కాసేపు విని అడిగింది:

"ఎవురు నాయనా ఆ దేవుడు?"

"థోర్ అవ్వా. ఉరుముల దేవుడు."

"మంచిదే. ఆయనకేం పెడతారు?"

మనవాడు లాకెట్టు సవరించుకున్నాడు.

"పోనీ, ఎవురు పెడతారు? పూజారా, ఊరి పెద్దా?"

ఫోను తీశాడు. సిగ్నలు లేదు.

"యాపొద్దు పెడతారు? పంటకి ముందా, ఎనకా?"

కంభం వచ్చింది. అవ్వ గంప నెత్తికెత్తుకుంటూ, "ఏం పెట్టాల్నో తెలవకుండా మెడలో కట్టుకుంటే ఎట్టా నాయనా" అని దిగిపోయింది. అక్కణ్ణుంచి గిద్దలూరు దాకా ఆ పెట్టెలో రైలు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అదే మొదటిసారి.

నన్నడిగితే ఆ మతం చదువుకి అవ్వ మూడు ప్రశ్నలే అ, ఆ, ఇ. అది నమ్మకాల చిట్టా కాదు, పెట్టుపోతల మతం. ఏం పెడతారు? పశువుని బలిచ్చి, మాంసం కాగుల్లో ఉడికించి, అందరూ కూర్చుని తిని, దేవుళ్ళ పేరున కల్లు వంటిది తాగేవాళ్ళు. నెత్తురు రెమ్మలతో గోడల మీదా మనుషుల మీదా చిలకరించేవాళ్ళు. ఎవరు పెడతారు? ఐస్లాండులో గోది అనే ఊరి పెద్దే. ఎప్పుడు? చలికాలం మొదట్లో, నడిచలిలో, వేసవి వస్తుండగా. పోలేరమ్మ కొలుపులో పొలి చల్లడం చూసినవాడికి ఇదేమీ కొరుకుడు పడని సంగతి కాదు. ఈ మాట చెప్పగానే మనవాడు "అయితే ఓడిన్ అంటే మన ఇంద్రుడే!" అని తేల్చేశాడు. ఆరంభశూరుడి రెండో జబ్బు అది. పోలిక కనపడగానే చుట్టరికం కలిపేస్తాడు.

ఈ సంగతులు ఎక్కువగా చెప్పింది స్నోరి స్టర్లుసన్. 1220 ప్రాంతంలో కవిత్వం నేర్చుకునేవాళ్ళ కోసం గద్య ఎడ్డా రాశాడు. బంగారాన్ని 'ఫ్రేయా కన్నీళ్ళు' అంటే అర్థం కావాలంటే పాత కథలు తెలియాలి గదా. మొదలుపెట్టేవాడు చూడాల్సినవాటిలో మొదటిది అదే, తేలిక కూడా. కానీ ఐస్లాండు 1000 ప్రాంతంలోనే క్రైస్తవానికి మారింది. స్నోరి క్రైస్తవుడు. కళ్ళారా చూసినవాడి సాక్ష్యం కాదు, చెవులారా విన్నవాడిదని గుర్తుపెట్టుకుని చదవాలి.

రెండోది పద్య ఎడ్డా. మనకి బ్రౌన్ దొర వేమన పద్యాలు పోగేసినట్టు, ఆ పద్యాల ముఖ్యమైన రాతప్రతి 1643లో ఒక క్రైస్తవ బిషప్ చేతికి వచ్చి బతికింది. మిగిలినవి 45 ఆకులు. డెన్మార్క్ రాజు దగ్గరికి పోయిన ఆ పుస్తకం 1971లో ఓడ మీద ఐస్లాండుకి తిరిగొస్తే జనం రేవుకి ఎదురెళ్ళారు. అందులో హావమాల్ అని వేమన తరహా నీతుల పద్యాలున్నాయి. అతిథి ఎలా మసలాలో, తాగుడు ఎక్కడ ఆపాలో అందులో ఉంది. వాగుడుకాయల గురించీ ఉంది. అది మనవాడికి ఇంకా చెప్పలేదు.

మూడోది, ఇప్పటి మనుషులు. 1972లో గొర్రెలు కాసుకునే ఒక రైతుకవి, స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్సన్, ఐస్లాండులో పాత మతానికి మళ్ళీ సంఘం పెట్టాడు. గుర్తింపు కోసం మంత్రిని కలిసొచ్చాక ఉరుములు ఉరిమి రాజధానిలో కరెంటు పోయిందని చెప్పుకుంటారు. అది థోర్ మహిమ అయితే, మా ఊళ్ళో ఆయన ఎప్పటినుంచో కాపురం ఉన్నట్టే. 1973లో ప్రభుత్వం గుర్తించింది. ఇప్పుడు సభ్యులు ఐదువేలకు పైనే. జంతుబలి లేదు, మతమార్పిడి ప్రచారం లేదు, జాతి గొప్పలవాళ్ళతో పొత్తు లేదు.

మొత్తానికి మనవాడు పుస్తకం తెప్పించాడు. నిన్నటికి అట్ట విప్పలేదు. తొందరేమీ లేదు. ఓడిన్ అంతటివాడు ఆ రూనులు నేర్చుకోవడానికి ఈటెపోటుతో, అన్నం నీళ్ళు లేకుండా తొమ్మిది రాత్రులు చెట్టుకి వేలాడాడట. మనవాడి పిచ్చి ఏదీ ఇంతవరకు మూడో నెల దాటలేదు. నాలుగో నెలలో కూడా వాడి చేతిలో ఆ పుస్తకం కనపడితే మాత్రం, ఆరంభశూరుల పలక మీంచి వాడి పేరు మీరే తుడిచేయండి.