కుర్చీని కాను, సీటుని

నేను మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఒక కోవర్కింగ్ ఆఫీసులో కుర్చీని. వల అల్లిక వీపు, అయిదు చక్రాలు, ఎత్తు సరిచూసుకోవడానికి పక్కన ఒక మీట. అగ్రిమెంటులో మాత్రం నన్నెవరూ కుర్చీ అని రాయరు, సీటు అంటారు. తెలుగునాట కుర్చీ అంటే పదవి, ఎక్కినవాళ్లు ఓ పట్టాన దిగరు. సీటంటే ఆర్టీసీ బస్సులో రుమాలు వేసి ఆపుకునేది, స్టేజీ రాగానే లేచి పోయేది. నాకు తగిన పేరు రెండోదే. ముందొచ్చినవాళ్లు కూర్చునే హాట్ డెస్క్ దగ్గరైతే ఆ రుమాలు కూడా చెల్లదు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన కాలంలో ఆఫీసును చదరపు అడుగుల్లో కొలిచేవారు. కంపెనీ ఏళ్ల తరబడి లీజు రాసుకుని, అడ్వాన్సు కట్టి, కార్పెట్ నుంచి ఏసీ దాకా తన ఖర్చుతో అమర్చుకుని కుర్చీలు కొనుక్కునేది. ఇప్పుడు ఆఫీసును సీట్లలో కొలుస్తున్నారు. కొలత మారితే బేరం మారుతుంది, బేరం మారితే బాధ్యత చేతులు మారుతుంది. నేను చెప్పదలచింది ఆ చివరి మార్పు గురించే.

కోవర్కింగ్ అనగానే నలుగురూ కలిసి కూర్చుని ఆలోచనలు పంచుకోవడం అని చెబుతారు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ మొదలుపెట్టినప్పుడు అది నిజమే. ఒంటరిగా పనిచేసేవాళ్లకు తోడు కావాలన్నదే ఆయన ఉద్దేశం. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో తెరిచిన టీ-హబ్ కూడా స్టార్టప్‌లను ఒక చోట చేర్చడానికి పుట్టిందే. అయితే ఈ వ్యాపారాన్ని ఇంత పెద్దది చేసింది ఒంటరి పనివాళ్లు కాదు, పెద్ద కంపెనీలు. 2025లో షేరు మార్కెట్‌కెక్కిన కోవర్కింగ్ సంస్థ స్మార్ట్‌వర్క్స్, మధ్యతరహా, పెద్ద సంస్థలే తన ఖాతాదారులని దాపరికం లేకుండా చెబుతుంది. అలాంటి ఖాతాదారు సంస్థ ఒక అంతస్తునో సగం అంతస్తునో తన రంగులు వేయించుకుని, తన కార్డుకే తెరుచుకునే తలుపు పెట్టించుకుని తీసుకుంటుంది. దీన్ని మేనేజ్డ్ ఆఫీస్ అంటారు. అందులో పక్క కంపెనీవాడితో పంచుకునేది లిఫ్టూ, కాఫీ మెషీనూ.

మరి ఈ పెద్ద కంపెనీలకు లీజు ఎందుకు చేదైంది? 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఐటీ కారిడార్ అంతా ఖాళీ అయినా రాసుకున్న లీజులు నడుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత వారానికి రెండు మూడు రోజుల హాజరు వచ్చింది. ఎందరొస్తారో తెలియని చోటుకు తొమ్మిదేళ్ల లీజు మీద సంతకం ఎవరు పెడతారు? అందుకే ఖాళీ కుర్చీ భారాన్ని కంపెనీలు కోవర్కింగ్ నిర్వాహకుడి నెత్తిన పెట్టాయి. ఆ భారం చిన్నదేమీ కాదు. దీర్ఘకాలపు లీజు తీసుకుని కొద్ది నెలలకు అద్దెకివ్వడమనే పద్ధతే ముంచడంతో, 2023 నవంబరులో అమెరికాలో కోవర్కింగ్ సంస్థ వీవర్క్ దివాలా రక్షణ కోరింది. ఎంబసీ గ్రూపు చేతిలోని భారత వీవర్క్ వేరే కంపెనీ కాబట్టి దానికి ఆ దెబ్బ తగల్లేదు.

నిజానికి ఈ సీటు లెక్క మాదాపూర్‌కు కొత్త కాదు. అయ్యప్ప సొసైటీ సందుల్లో హాస్టళ్ల టూ షేరింగ్, త్రీ షేరింగ్ బోర్డులు చూడండి. అక్కడ గది కాదు, మంచం అద్దెకిస్తారు. భోజనం, వైఫై అందులోనే. ఇక్కడ నన్నిస్తారు; కరెంటు, ఇంటర్నెట్, టీ అందులోనే. ఉద్యోగి మంచం లెక్కన, అతని కంపెనీ సీటు లెక్కన హాస్టల్లోనే ఉంటున్నారు. తేడా ఒక్కటే: హాస్టల్ ఖాళీ చేసేది ఉద్యోగి ఇష్టం, నన్ను ఖాళీ చేసేది అతని ఇష్టం కాదు, కంపెనీ ఇష్టం.

చిన్న కంపెనీకి ఈ సీటు పద్ధతి వరమంటారు. ఒప్పుకుంటాను. చేతిలో పెట్టుబడి లేని నలుగురు కుర్రాళ్లకు లీజు అడ్వాన్సే పెద్ద గోడ. ఆ గోడ కూలడం మంచిదే. లీజులున్న కాలంలో మాత్రం ఉద్యోగాలు పోలేదా, 2008 మాంద్యం మరిచావా అని ఇంకొందరు అడుగుతారు. పోయాయి. లీజు ఎవరి ఉద్యోగాన్నీ కాపాడదు. అయితే కట్టిన అడ్వాన్సూ, చేయించిన ఇంటీరియరూ ఊరు విడిచే కంపెనీ కాలికి కొంచెం అడ్డుపడేవి. ఇప్పుడు లాక్-ఇన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, ముగిశాక నోటీసు చాలు. వెళ్లడం ఇంత తేలిక కాబట్టే హైదరాబాద్‌లో ఓ చిన్న బృందంతో మొదలుపెట్టి చూద్దామనే ధైర్యం విదేశీ సంస్థలకు వస్తోందన్న వాదన కూడా నిజమే. నేనే లేకపోతే కొన్ని ఉద్యోగాలు ఈ ఊరికి వచ్చేవే కావు. కాబట్టి నన్ను తిట్టనవసరం లేదు, స్థిరాసనం అనుకోకుండా ఉంటే చాలు. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు జీతం, పీఎఫ్, క్యాబ్ గురించి ఎలాగూ అడుగుతారు. ఆఫీసు కంపెనీదా, సీట్లా, సీట్లయితే లాక్-ఇన్ ఎన్ని నెలలు అనే ప్రశ్న కూడా అడగండి.