రెండో సంతకం

నల్లమాడలో మా పొదుపు సంఘం బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలుండేవి. ఒకటి సభ్యులు ఎన్నుకున్న అధ్యక్షురాలిది, రెండోది నాది. నేను అందులో సభ్యుణ్ణి కాదు. ఒక్క రూపాయి పొదుపు చేసినవాణ్ణీ కాదు. సంఘాన్ని పెట్టించిన స్వచ్ఛంద సంస్థకు కార్యదర్శిని, అంతే. అయినా నేను చెక్కు మీద చెయ్యి పెట్టందే వాళ్ల డబ్బు వాళ్లకు అందేది కాదు. అది వాళ్లకు రక్షణ అని చాలా ఏళ్లు మనస్ఫూర్తిగా నమ్మాను.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సంస్థ పెట్టిన ప్రతివాడికీ ఫాదర్ ఫెర్రరే ఆదర్శం. 1969లో వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఈ కరువు నేలనే ఊరు చేసుకున్న మనిషి. ఆయన సంస్థ ఆర్‌డీటీ కట్టిన ఇళ్లూ బళ్లూ, బత్తలపల్లి ఆసుపత్రీ చూసినవాడికి, ఒక్క మనిషి గట్టిగా నిలబడితే చాలు అన్నీ జరుగుతాయనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆయన వెనక పల్లెపల్లెనా పనిచేసిన ఆడవాళ్ల సంఘాలు, ఊరి కమిటీలు నా కంటికి ఆనలేదు.

కళ్లు తెరిపించే ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ పొదుపు సహకార సంఘాలు పెట్టించింది. వాటిని నడిపేది సభ్యులు ఎన్నుకున్న మహిళలే. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం అందుకు వీలిచ్చింది. 1964 నాటి పాత చట్టం కింద ప్రభుత్వం పాలకవర్గాలను రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టగలిగేది. కొత్త చట్టం ఆ పెత్తనం తీసేసి, సంఘాన్ని సభ్యుల చేతికిచ్చింది. మా సంఘాన్నీ ఆ చట్టం కిందే రిజిస్టరు చేయించాను. సర్కారు చెయ్యి తీసేసిన చోట నా చెయ్యి పెట్టాను.

నా పెత్తనం ఎంత చేటు చేసిందో చింతపండు అప్పుల్లో తెలిసింది. మా దగ్గర వానలు సరిగా పడవు. చెనక్కాయ పంట పోయిన ఏడాది చాలా ఇళ్లకు చింతపండే ఆధారం. చెట్టు మీద కాయ ఉండగానే కాపును గుత్తకు మాట్లాడుకోవాలి. కాయ దులిపించి, కొట్టి, గింజ తీసి, హిందూపురం మార్కెట్టుకు పంపాలి. బేరం కుదిరిన పూటే రొక్కం చేతిలో పెట్టాలి. లేకుంటే ఆ చెట్లు ఇంకొకరివి. మా కమిటీ కూర్చునేది నెలకోసారి. వచ్చిన అర్జీల మీద నేను ప్రశ్నలు రాసేవాణ్ణి: లాభమెంత, నష్టమొస్తే ఎలా, హామీ ఎవరు? జవాబులొచ్చేలోగా గుత్త పోయేది. అదే సమయంలో దాతల సొమ్ముతో కుట్టుమిషన్లు కొన్నాను, కొవ్వొత్తుల తయారీ నేర్పించాను. మా వీధుల్లో ఎవరూ అడగని సరుకది. అడిగిన చింతపండుకు అప్పు లేదు.

అవసరం ఆగదు కాబట్టి వాళ్లు వారం వడ్డీల దగ్గరికి, మైక్రో ఫైనాన్సు కంపెనీల దగ్గరికి పోయారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారం వసూళ్లను కట్టడి చేసినప్పుడు నేను సభల్లో ఆవేశంగా మాట్లాడాను. ఆ కంపెనీల మీద నా కోపం న్యాయమే. కానీ మా సభ్యులు ఆ గడప ఎందుకు ఎక్కారని ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. వాళ్లను అక్కడికి తోలింది నా జాగ్రత్తే.

అన్నిటికంటే నన్ను బాధించేది చీటీ సంగతి. బస్టాండు దగ్గర ఇడ్లీ అంగడి పెట్టుకున్న ఒకామె, మా సంఘం సభ్యురాలే, అంగళ్ల ఆడవాళ్లతో చీటీ నడుపుతోందని తెలిసింది. పూలు కట్టి పుట్టపర్తిలో అమ్ముకునేవాళ్లు, కూరగాయలవాళ్లు, చింతపండువాళ్లు, అంతా అందులో ఉన్నారు. ఎవరికి ఏ నెల డబ్బు కావాలో, ఎవరికి పాట దగ్గర పట్టు విడవాలో, ఎవరి ఇంట్లో జబ్బుందో ఆమెకు తెలుసు. కంతు తప్పినవాళ్ల ఇంటికి అరవడానికి పోదు, ఎందుకు తప్పిందో కనుక్కోవడానికి పోతుంది. ఒక పేటను ఆర్థికంగా నిలబెట్టడమంటే ఇదే. నేను జీతగాళ్లను పెట్టి, నివేదికలు రాయించి చేయాలనుకున్న పని ఆమె దోసెలు పోస్తూ చేస్తోంది.

నాకది క్రమశిక్షణా రాహిత్యంగా కనబడింది. నెలవారీ సమావేశంలో అందరి ముందు ఆమెను నిలబెట్టి, సంఘానికి ద్రోహం చేస్తున్నావన్నాను. ఆమె వాదించలేదు. "మా దుడ్డు మాకియ్యడానికి ఇన్ని దినాలెందుకు సార్?" అని మాత్రం అడిగింది. బదులుగా నేను నిబంధనల పుస్తకం తెరిచాను. తర్వాత ఆమె పొదుపు వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె వెంట వీధిలో సగం మంది వెళ్లారు. ఆ రోజు నేను పోగొట్టింది సభ్యులను మాత్రమే కాదు. నా తర్వాత సంఘాన్ని నడపగలిగిన మనిషిని పోగొట్టాను. వారసులు లేరని అప్పటికే దాతలకు ఉత్తరాలు రాస్తూ ఉన్నాను.

సంఘం బతికే ఉంది. నా రెండో సంతకం తీసేయమని పాలకవర్గమే తీర్మానం చేసింది. నేను అడ్డుచెప్పలేదు, కానీ నేనై ముందుకొచ్చి ఇచ్చిందీ కాదు. ఇప్పుడు చింతపండు కాలంలో కమిటీ వారం వారం కూర్చుంటోంది, అప్పు అడిగిన రెండు మూడు దినాల్లో చేతికందుతోంది.

మొన్న ఆ ఇడ్లీ అంగడికి పోయి, ఆనాడు నేనన్నది తప్పని చెప్పాను. ఆమె నాకు స్టూలు వేసి, టీ ఇచ్చి, "నలుగుర్లో అన్న మాట నలుగుర్లోనే వెనక్కి తీసుకోవాల కదా సార్" అంది. కోపంగా అనలేదు.

వచ్చే మహాసభకు నాకు పిలుపు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మాట్లాడటానికి అనుమతి కోరుతూ అధ్యక్షురాలికి అర్జీ రాశాను. ఇడ్లీ అంగడి ఆమెనూ, ఆమెతో వెళ్లినవాళ్లనూ ఆ రోజు సభకు పిలవమని అందులోనే అడిగాను. కమిటీ ఇంకా జవాబివ్వలేదు.