వేలూరు ఆసుపత్రికి పోతున్నారా? బస సంగతి మేం చెబుతాం

మామగారి మోకాళ్ళు అరిగాయి. వేలూరు సీఎంసీలో అపాయింట్‌మెంటు దొరికింది. వెంట వెళ్ళే పని అల్లుడిగా మీ నెత్తిన పడింది. కంగారు పడకండి. బస సరైన చోట కుదిరిందంటే ఈ ప్రయాణంలో మీరు చేయాల్సింది ఇంకేమీ మిగలదు.

1. అపాయింట్‌మెంటు కాగితం చదవకండి. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి ఇప్పుడు ఒక్క చోట లేదు. పాతది ఊరి నడిబొడ్డున ఉంది. 2022 నుంచి రాణిపేట వైపు హైవే మీద కొత్త క్యాంపస్ కూడా నడుస్తోంది. మీ డాక్టరు ఎక్కడ కూర్చునేదీ ఆ కాగితం మీదే ఉంటుంది. చదివారో, ఎక్కడ దిగాలో ఠక్కున తేలిపోతుంది, ఇక మీ తెలివికి పనేముంది? ముందు రూముకి అడ్వాన్సు కట్టేయండి. ఆసుపత్రి సంగతి పొద్దున ఆటో అబ్బాయి చూసుకుంటాడు.

2. పాత ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల వైపు తల తిప్పకండి. గాంధీ రోడ్డు, బాబురావు వీధి అంతా లాడ్జిలే. బెంగాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు వారాల తరబడి ఉంటారు, వండుకునే వసతి ఉన్న రూములూ దొరుకుతాయి. నాలుగడుగులు వేస్తే ఓపీ. ప్రమాదమంతా అక్కడే ఉంది. దగ్గరున్నవాణ్ణి పరగడుపు రక్తపరీక్షకు చీకటితో లేపుతారు, మరిచిపోయిన ఎక్స్‌రే కోసం రెండుసార్లు పరిగెత్తిస్తారు. దూరాన ఉన్నవాడి జోలికి ఎవరూ రారు. తప్పక అక్కడే దిగాల్సివస్తే లిఫ్టు లేని లాడ్జిలో మూడో అంతస్తు అడగండి. అద్దె కలిసొస్తుంది. మెట్లు మోకాళ్ళకు మంచి కసరత్తని మామగారికి నచ్చజెప్పండి. మే నెలైతే పైకప్పు వేడి కూడా ఉచితం.

3. కాట్పాడిలో రైలు దిగిన చోటే రూము తీసుకోండి. పెట్టె మోయక్కర్లేదు. ఆసుపత్రి పాలారుకు అవతల ఉంటుంది. ఏట్లో నీళ్ళు లేకపోయినా వంతెన మీద వాహనాలకు కరువుండదు. అక్కడి వీఐటీ యూనివర్సిటీలో అడ్మిషన్లు జరిగే రోజులు చూసుకుని వెళ్తే ఇంకా మేలు. రూములన్నీ పిల్లల తల్లిదండ్రులతో నిండి ఉంటాయి, మీరు హాయిగా వెయిటింగ్ హాల్లో పడుకోవచ్చు. అద్దె సున్నా.

4. ఇవన్నీ మామూలువాళ్ళకు. గడుసువాడు తిరువలంలో దిగుతాడు. పాత క్యాంపస్‌కూ దూరమే, కొత్త క్యాంపస్‌కూ దూరమే. ఎటు పొమ్మన్నా ఆలస్యానికి కారణం చేతిలో ఉంటుంది. అత్తగారి చిన్నమ్మ మరిదికి వియ్యంకుడో మరొకరో అక్కడ ఉండే ఉంటారు. ముందుగా ఫోన్ చేయకండి, చేస్తే ఊళ్ళో లేమంటారు. రాత్రి పదకొండుకు తలుపు తట్టండి.

పొద్దున ఆసుపత్రికి బయల్దేరినట్టే బయల్దేరి పొన్నై ఏటి ఒడ్డున విల్వనాథేశ్వరుడి గుడిలోకి తిరగండి. శైవ నాయనారు సంబంధర్ పాడిన క్షేత్రం, కాదనడానికి మామగారికి నోరు రాదు. అక్కడి వినాయకుడే మనకు గురువు. లోకం చుట్టి రమ్మంటే అమ్మానాన్నల చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి పండు కొట్టేసింది ఇక్కడేనని స్థలపురాణం. నెమలెక్కి లోకమంతా తిరిగిన తమ్ముడికి తొక్క కూడా దక్కలేదు. మీరూ మామగారి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అయిపోయింది మామా, ఇంటికి పోదాం" అనండి. ఆయన గొణిగితే నందిని చూపించండి. కొండ మీంచి అభిషేకానికి నీళ్ళు తెచ్చే పూజారిని ఒక రాక్షసుడు సతాయిస్తే, నంది వాడి పని పట్టి, మళ్ళీ రాకుండా అప్పట్నుంచీ స్వామికి వీపు పెట్టి అటే కాపలా కాస్తున్నాడట. నందే స్వామి వైపు చూడనప్పుడు మనం డాక్టరు వైపు చూడకపోతే వచ్చిన నష్టమేంటి? (కాపలా సంగతి మామగారికి చెప్పక్కర్లేదు.)

రోజూ వచ్చే పోయే ఆటో ఖర్చు లాడ్జి అద్దెకు రెండింతలు అవుతుంది. అది ప్రయాణ ఖర్చు కింద రాయండి. బస మాత్రం ఉచితమే కదా!

5. గుడియాత్తంలో చుట్టాలుంటే మే నడిమిలో గంగమ్మ శిరస్సు జాతరకు అపాయింట్‌మెంటు జరిపించుకోండి. కౌండిన్య ఏటి ఒడ్డున జనం ఇసకేస్తే రాలరు. ఆరోజు వేలూరు బస్సెక్కమని మిమ్మల్ని ఎవరూ అడగలేరు.

6. ఇంట్లో భక్తి పాలు ఎక్కువైతే శ్రీపురం దగ్గర దిగండి. 2007లో కట్టిన బంగారు గుడి. లోపలికి చేరాలంటే నక్షత్రం ఆకారంలో ఉన్న దారి వెంట కిలోమీటరు పైనే నడవాలి. మోకాళ్ళ నొప్పి పేషెంటుకు ఇంతకంటే మంచి చోటు ఇంకోటి లేదు.

7. దారి అడిగేటప్పుడు తెలుగులో అడగకండి, చులకనైపోతారు. డబ్బింగ్ సినిమాల్లో విన్న అరవం వాడండి. కొట్టతను ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు కావచ్చు, అయినా మీ మర్యాదకు అతనూ అరవంలోనే జవాబిస్తాడు. మీకు అర్థం కాదు. తల ఊపి ఎడమవైపు తిరగండి.

8. ఇంటికొచ్చాక అత్తగారు డాక్టరేమన్నాడని అడుగుతారు. "నెలాగి రమ్మన్నాడత్తా" అనండి. మామగారు నోరు తెరిచేలోగా తిరువలం వియ్యంకుడికి ఫోన్ చేసి, ఈసారి నలుగురం వస్తున్నామని చెప్పేయండి. ఆయన ఊళ్ళో లేనంటే తాళం చెవి ఎవరి దగ్గర పెట్టాడో కనుక్కోండి.