క్షుధాకీట చరిత్రకు టీకా తాత్పర్యం

గ్రంథం పుట్టిన సందర్భాన్ని ముందుగా తెలపడాన్ని వ్యాఖ్యాతలు అవతారిక అంటారు. 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' అనే ఆంగ్ల బొమ్మల పుస్తకానికి అవతారిక కాగితాలకు చిల్లులు పొడిచే పంచింగ్ మెషీన్‌తో మొదలవుతుంది. అమెరికన్ చిత్రకారుడు ఎరిక్ కార్ల్ ఒక కాగితాల దొంతరకు చిల్లులు పొడుస్తుండగా పుస్తకాలను తినే పురుగు ఆయన మనసులో మెదిలిందనీ, దానికి విల్లీ అని పేరు పెట్టి ఒక వారం రోజుల కథ అల్లాడనీ, సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్‌కు ఆ పురుగు అంతగా రుచించక, గొంగళిపురుగైతే ఎలా ఉంటుందని అడగగానే ఆయనకు సీతాకోకచిలుక స్ఫురించిందనీ గ్రంథచరిత్ర చెబుతుంది. 1969లో వెలువడిన ఈ పుస్తకం 60కి పైగా భాషల్లోకి వెళ్ళింది, 5 కోట్లకు మించిన ప్రతులు అమ్ముడుపోయాయి. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మెతుకుసీమ పండితుడు కొలిచెలమ మల్లినాథసూరి, మూలంలో ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. రెండు వందల చిల్లర మాటలున్న ఈ గ్రంథానికి టీక రాయబూనినవారు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని నిలుపుకోగలరు గాని రెండో సగాన్ని నిలుపుకోవడం దుస్సాధ్యం.

ఇక కథావస్తువు. వెన్నెల్లో ఒక ఆకు మీద గుడ్డు ఉంటుంది. ఆదివారం పొద్దున అందులోంచి ఆకలితో గొంగళిపురుగు వెలువడి ఆహారం వెతుకుతూ బయలుదేరి, సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు బేరిపండ్లు, బుధవారం మూడు ప్లమ్ పండ్లు, గురువారం నాలుగు స్ట్రాబెర్రీలు, శుక్రవారం అయిదు నారింజలు తింటుంది. పుట్టిన ఆదివారం నాడు అది ఏమీ తిన్నట్టు గ్రంథంలో లేదు గనుక ఆ రోజును ఉపవాసంగా గ్రహించాలని ఛాందసులు అనవచ్చు. తిండి దొరక్కపోవడాన్ని ఉపవాసమనడం లోకంలో కొత్త కాదు. ఏ రోజు ఎంత తిన్నా ఆకలి తీరలేదన్న మాట ఆ రోజు పండ్ల తరువాత తిరిగి వస్తుంది. శతకాల్లో ప్రతి పద్యం చివరా వచ్చే సంబోధనను మకుటం అంటారు. ఈ ఆకలి మాట ఇక్కడ అచ్చంగా ఆ పనే చేస్తుంది, వినే పిల్లలు దానికోసం ముందే నోరు తెరిచి కాచుకుంటారు.

విశేషమేమిటంటే ఈ గ్రంథంలో అసలైన అక్షరాలు చిల్లులే. తినడమనే క్రియ ఎక్కడా బొమ్మగా కనబడదు, తిన్న తరువాత మిగిలిన గుండ్రని రంధ్రం మాత్రం కాగితానికి నిజంగానే పడి ఉంటుంది. చెప్పకుండా స్ఫురింపజేయడమే ధ్వని అయితే, దాన్ని వేలితో తడిమి చూడగలిగిన కావ్యం ఇదొక్కటే కావచ్చు. ఒకటి మొదలు అయిదు వరకు పండ్లు పెరిగే కొద్దీ పుటల వెడల్పు కూడా పెరుగుతుంది గనుక, సోమవారపు పుట సన్నని చీలికలా ఉండి శుక్రవారానికి వచ్చేసరికి నిండైన పుటగా విచ్చుకుంటుంది, పైనున్న పుట తిప్పకముందే కింది పండ్లు తొంగిచూస్తుంటాయి. అచ్చులో కాగితాన్ని కోరిన ఆకారానికి కోసే ఈ పద్ధతిని డై-కట్ అంటారు. వెడల్పులు వేరువేరైన పుటలకు ఇన్ని చిల్లులు వేసి గిట్టుబాటు ధరకు అచ్చొత్తగల ముద్రాపకులు అమెరికాలో దొరక్కపోతే, బెనెడ్యూస్ జపాన్‌లో ఒకరిని వెతికి పట్టుకున్నది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు కలిపితే పదిహేను చిల్లులు. ఈ లెక్కను పిల్లలు కూడిక రాకముందే వేలితో చేసేస్తారు. చదువు చెప్పాలన్న తాపత్రయంతో రాసిన అంకెల పుస్తకాలు అలమరల్లో మగ్గిపోగా, వారాలూ అంకెలూ నేర్పే ఈ పుస్తకం నేర్పుతున్నట్టు ఎక్కడా పట్టుబడదు.

శనివారం వద్ద గ్రంథం నడక మారుతుంది. చాక్లెట్ కేకు, ఐస్‌క్రీమ్ కోను, ఉప్పునీటిలో ఊరిన దోసకాయ, స్విస్ చీజు, మసాలా పట్టించి ఆరబెట్టిన మాంసమైన సలామీ, లాలీపాప్, పిండిపొరలో చెర్రీలు పెట్టి కాల్చిన పై, సాసేజి, కప్‌కేకు, పుచ్చకాయ ముక్క అన్నీ ఒకే వరుసలో, ఊపిరి సలపకుండా వస్తాయి. పాదనియమం లేకుండా ఏకబిగిన సాగే రచనను దండకం అంటారు గనుక, శతకంగా మొదలైన గ్రంథం ఇక్కడ దండకంగా పరిణమించిందని చెప్పవచ్చు. ఇందులోని రసం హాస్యమా బీభత్సమా అన్న చర్చకు తావుంది. దోసకాయ పక్కన ఐస్‌క్రీమును ఊహించగలిగిన పెద్దలు బీభత్సమంటారు, ఊహించనక్కరలేని పిల్లలు హాస్యమంటారు. ఆ రాత్రి మకుటం తప్పిపోయి దాని స్థానంలో కడుపునొప్పి వస్తుంది. లంఘనం పరమౌషధమన్న వైద్యనానుడిని కాదని మరునాడు పురుగు ఒక పచ్చని ఆకు తిని కోలుకుంటుంది. పుట్టింది ఆకు మీద. దాన్ని వదిలి ఊరంతా తిరిగి, చివరికి ఆకు దగ్గరికే వచ్చింది. ఆ పైన గూడు అల్లుకుని, అందులోంచి సీతాకోకచిలుకగా వెలువడుతుంది.

ఇక్కడ పూర్వపక్షం, అంటే ఎదుటివారి ఆక్షేపణ: గొంగళిపురుగులు ఆకులు తింటాయి గాని సలామీ తినవు, పైగా పట్టుగూడు అల్లుకునేవి చిమ్మటలే, సీతాకోకచిలుకల పురుగులు చాలావరకు గట్టి పెంకులాంటి ప్యూపాగా మారతాయి, కాబట్టి గూట్లోంచి సీతాకోకచిలుకను వెలువరించడం శాస్త్రవిరుద్ధం. దీనికి సమాధానంగా పర్నాసియస్ అనే సీతాకోకచిలుకల ప్రజాతి పట్టుదారాలతో గూటిని అల్లుకుంటుందని సమర్థకులు ఎత్తిచూపుతారు. ఈ సమర్థన నిజమే గాని అక్కరలేనిది. గ్రంథం మొదట్లోనే బొమ్మలో ముఖంతో కనబడే సూర్యుణ్ణి ఒప్పుకున్న ఆక్షేపకులు గూటి దగ్గర పట్టుబట్టడం న్యాయం కాదు. నిజానికి ఈ వారం మొత్తంలో శాస్త్రం మెచ్చే భోజనం చివరి ఆదివారపు ఆకు ఒక్కటే, కడుపు కుదుటపడిందీ దానితోనే.

ఆకలికి ఇంత గౌరవమిచ్చిన కర్త ఆకలి తెలియనివాడు కాడు. 1929లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో జర్మన్ దంపతులకు పుట్టిన కార్ల్, ఆరేళ్ళ ప్రాయంలో తల్లిదండ్రులతో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వెళ్ళి హిట్లర్ పాలనలో, యుద్ధంలో పెరిగాడు. సైన్యంలోకి తీసుకుపోబడిన తండ్రి సోవియట్ చెరలో పడి యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు చిక్కి శల్యమై తిరిగివచ్చాడు. నాజీలు నిషేధించిన ఆధునిక చిత్రాలను ఒక చిత్రకళోపాధ్యాయుడు ఆయనకు చాటుగా చూపించాడు. 1952లో అమెరికాకు తిరిగివచ్చిన తరువాత, పలుచని టిష్యూ కాగితాలకు తానే రంగులు పూసి, కత్తిరించి, అతికించే కొలాజ్ పద్ధతిని ఆయన తనదిగా చేసుకున్నాడు. ఈ పుస్తకాన్ని ఆశను గురించిన పుస్తకంగా కార్ల్ భావించేవాడు. అంతకంటే గమనించదగ్గది, అతిగా తిన్న పురుగును గ్రంథం ఎక్కడా మందలించదు. కడుపునొప్పితో సరిపెట్టి రెక్కలు ఇచ్చేస్తుంది. తిండి విషయంలో రోజంతా మాటపడే వయసు శ్రోతకు ఇంతకంటే న్యాయమైన కథ దొరకదు.

చెప్పిందే తిరిగి చెప్పడాన్ని ఆలంకారికులు పునరుక్తి అని కావ్యదోషాల్లో లెక్కించారు. ఈ గ్రంథానికి శ్రోత మాత్రం సీతాకోకచిలుక రెక్కలు విప్పగానే మళ్ళీ గుడ్డు చూపించమంటాడు. నిద్ర ముంచుకొచ్చిన తండ్రి మంగళవారం నుంచి ఏకంగా గురువారానికి దూకితే, పాఠాంతరాలు సరిచూసే పండితుడికంటే వేగంగా దొరకబుచ్చుకుంటాడు, ఏలనంటే మూడు ప్లమ్ పండ్ల చిల్లుల్లో అతని వేలు ఇంకా దూరలేదు. బుధవారపు పుటను తిరిగి తెరవడం తప్ప దీనికి వేరే ప్రాయశ్చిత్తం లేదు.