ముప్పైమూడు సారు

మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కు ఆయన అసలు పేరు తెలియదు. ‘ముప్పైమూడు సారు’ అంటాడు. అది ఫ్లాటు నంబరు కాదు, ఆయన కారు టైర్లలో ఉండవలసిన గాలి. డ్రైవరు వైపు తలుపు తీస్తే పక్కన కంపెనీవాళ్లు అతికించిన చీటీలో ఆ అంకె ఉంటుంది. చాలామంది ఆ చీటీ వైపు ఒక్కసారైనా చూడకుండానే కారు వాడేసి అమ్మేస్తారు. ఈయన దాన్ని ఫోటో తీసి, పిల్లల ఫోటోల పక్కన దాచుకున్నాడు.

జీడిమెట్లలో ఈ జాతి ఈమధ్య బాగా పెరిగింది. పగలంతా హైటెక్ సిటీలో సర్వర్లకు కాపలా. ఎక్కడ తేడా వచ్చినా స్క్రీను మీద ఎర్రచుక్క వెలగాలి, వెలగ్గానే వీళ్లు లేవాలి, అది ఆరేదాకా అన్నం సయించకూడదు. ఏళ్ల తరబడి అలా బతికినవాడి కారులో పసుపు దీపం వెలిగితే ఇంకేముంది! మామూలు మనిషి ‘గాలి కొట్టించాలి’ అనుకుంటాడు. ముప్పైమూడు సారు ‘టికెట్ ఓపెనయింది’ అనుకుంటాడు.

ఆ దీపాన్ని వెలిగించే సెన్సారు చక్రం లోపల, వాల్వు మొదట్లో ఉంటుంది. చిన్న బ్యాటరీతో నడుస్తూ, లోపల గాలి ఎంతుందో రేడియోలో కారుకు కబురు పెడుతుంది. బండి ఆగితే బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతుంది, చక్రం తిరిగితేనే లేస్తుంది. తెల్లవారుజామున మా సెల్లారులో స్తంభాల చుట్టూ ఓ కారు ప్రదక్షిణలు చేస్తోందంటే కారణం అదే. సారు సెన్సార్లను నిద్రలేపుతున్నాడన్నమాట. వాచ్‌మన్ మొదట్లో దొంగేమోనని కర్ర పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చుంటున్నాడు.

డిసెంబరు వచ్చిందంటే సారుకు పండగా, పాడూ ఒకేసారి. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే టైరులో గాలి సుమారు ఒక పాయింటు, అంటే ఒక పీఎస్సై, దిగుతుంది. పొద్దున 30 చూసి షాపూర్‌నగర్ పంక్చర్ షాపుకు పరుగెత్తి 33 చేయిస్తాడు. మధ్యాహ్నం ఎండకూ, రోడ్డు వేడికీ అది 37 అవుతుంది. మళ్లీ వెళ్లి తీయిస్తాడు. మర్నాడు పొద్దున మళ్లీ 30. చీటీలో ఉన్న అంకె చల్లటి టైరుకే వర్తిస్తుందని ఆయనకు తెలియక కాదు. తెలిసీ ఊరుకోలేకపోవడమే ఆయన ప్రత్యేకత. గాలి ఎక్కించినందుకు డబ్బులు తీసుకోవడం షాపతనికి అలవాటే. తీసినందుకు తీసుకోవాలా వద్దా అన్న ధర్మసందేహంతోనే ఆ చలికాలమంతా గడిపేశాడు.

ఇంట్లో ఆవిడ ఒకసారి ఉండబట్టలేక అంది. “ఏమండీ, మా నాన్నగారికి నిన్న బీపీ 160 ఉందట. ఆ టైర్లకు చూసినట్టు ఆయనకూ కాస్త చూడకూడదూ?”

సారు ఫోనులోంచి తల ఎత్తలేదు. “ఎప్పుడు కొలిచారు? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, నడిచొచ్చాకా?”

పంక్చర్ షాపు బల్ల దొరికితే మాత్రం సారు మాటకు బ్రేకులుండవు. 1986లో పోర్షే 959తో టైరు గాలిని కనిపెట్టే ఈ వ్యవస్థ కార్లలోకి వచ్చిందంటాడు. అమెరికాలో టైర్ల పైపొర ఊడి కార్లు పల్టీలు కొట్టి జనం పోతే, 2000లో చట్టం చేశారంటాడు. 2007 సెప్టెంబరుకల్లా అక్కడ ప్రతి కొత్త కారుకూ ఇది తప్పనిసరి అయిందనీ, పావు వంతు గాలి తగ్గితే దీపం వెలగాలన్నది అక్కడి లెక్క అనీ చెబుతాడు. మన దగ్గర 2020లో కేంద్రం నిబంధన సవరించి, ఈ సెన్సార్లూ ట్యూబ్‌లెస్ టైర్లూ రిపేరు కిట్టూ ఉన్న కారుకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదన్న సంగతితో ఉపన్యాసం ముగిస్తాడు.

షాపతను అంతా విని, ఆ చివరి మాట ఒక్కటే పట్టుకున్నాడు. “స్టెప్నీ లేకుంటే మా తాన్కే రావాలె గద సార్. మంచి కానూనే.”

ఒకసారి సారు ముందు టైర్లను వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించాడు. మారిన సంగతి కారుకు తెలియజెప్పాలి, చెప్పలేదు. స్క్రీను మీద ముందు ఎడమ 29 అని పడింది. ముందు ఎడమ టైరుకు గాలి పట్టించి, కాస్త తిప్పి చూస్తే 29 కదల్లేదు, వెనక ఎడమ 37కు ఎక్కింది. ఇంకొంచెం కొట్టమన్నాడు. 40. షాపతను టైరు మీద గుద్ది చూసి, “సార్, ఇగ పగుల్తది” అన్నాడు. అప్పటికీ సారుకు అనుమానం షాపువాడి మీటరు మీదే. మర్నాడే సొంతంగా ఒక మీటరు కొన్నాడు. అది కూడా షాపువాడి మాటే చెప్పేసరికి దాన్ని డిక్కీలో పడేశాడు.

అసలు కథ వెనక కుడి టైరుది. రోజుకో పాయింటు చొప్పున దిగసాగింది. జీడిమెట్ల పారిశ్రామికవాడలో అది వింతేమీ కాదు. లేత్ మిషన్ల తుక్కూ, స్క్రూలూ, మేకులూ రోడ్డు మీద రాలే ఉంటాయి. సారు మొబైల్ టార్చి వేసి టైరంతా గాలించాడు, మేకు లేదు. షాపతను సబ్బు నీళ్లు తెచ్చి వాల్వు మొదట్లో పోశాడు. బుడబుడా బుడగలు.

“టైరుకేం కాలే సార్. గాలి వోతుందని జెప్పేటిదే గాలి వోగొడ్తుంది.”

సెన్సారు వాల్వు రిమ్ముకు కూర్చునే చోట ఒక రబ్బరు వాషరుంటుంది, అది ముదిరి పగిలింది. దానికి తోడు సారు అందం కోసం ఆన్‌లైన్లో తెప్పించిన ఇత్తడి మూతలు. వాల్వు కాడేమో అల్యూమినియం. ఈ రెండు లోహాల మధ్య వాన నీరు చేరితే తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇలాంటి వాల్వుకు ప్లాస్టిక్ మూతే మేలు, కాని ప్లాస్టిక్‌కు మెరుపేదీ? షాపతను ప్లయరు పెట్టి తిప్పాడు. మూత రాలేదు, కాడే విరిగి చేతికొచ్చింది. ముప్పైమూడు పాయింట్లూ ఒక్క ఊపున బుస్సుమన్నాయి.

“యాభై రూపాయల రబ్బరు వాల్వు ఏస్త సార్, పదేండ్లు జూడనక్కర్లేదు” అన్నాడు షాపతను.

“మరి దీపం?”

“ఎలుగుతది. ఎలగనియ్యుండ్రి.”

“పోనీ స్టెప్నీ?”

“గదే జెప్తున్న, ఏస్కోని వోండ్రి.”

“స్టెప్నీకి సెన్సారు లేదు తమ్ముడూ! వేస్తే దీపం వెలుగుతుంది.”

సంగతి అక్కడ బయటపడింది. టైరులో గాలి ఉండటం సారుకు ముఖ్యమే కాని, డ్యాష్‌బోర్డు మచ్చ లేకుండా ఉండటం అంతకంటే ముఖ్యం. కారును జాకీ మీద వదిలేసి, చక్రాన్ని ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని సర్వీసు సెంటరుకు బయల్దేరాడు. బ్యాటరీ సెన్సారు లోపలే సీలు చేసి ఉంటుంది కనుక అది అయిపోయినా, కాడ విరిగినా మొత్తం కొత్తది వేయాల్సిందే అన్నారు వాళ్లు. వేలల్లో బిల్లు కట్టి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

కొత్త సెన్సారును కారు గుర్తుపట్టాలంటే కాసేపు ఆగకుండా, ఒక వేగం తగ్గకుండా నడపాలి. బాలానగర్, కూకట్‌పల్లి దారిలో ఆ వరం ఏ కారుకూ దక్కదు. ఆదివారం పొద్దున్నే అందర్నీ తయారవమన్నాడు. యాదగిరిగుట్టకేమోనని ఆవిడ పట్టుచీర కట్టుకుంది, పులిహోర కలిపింది. కారు కండ్లకోయ దగ్గర ఔటర్ రింగురోడ్డెక్కింది. టోలు కట్టి తిన్నగా పోయి, తిరిగి, మళ్లీ టోలు కట్టి కొంపకొచ్చింది. దీపం ఆరింది. పులిహోర సెల్లారులోనే తిన్నారు.

నవ్వుతాం కాని, గాలి తగ్గిన టైరు ఔటర్ మీద వేగంలో వేడెక్కి పగిలితే ఏం జరుగుతుందో ఆయనకు తెలిసినంత బాగా మాకెవరికీ తెలియదు. మా కార్ల టైర్లను కూడా వచ్చీపోయేటప్పుడు చూస్తాడు. వైపరు కింద ‘వెనక ఎడమ, 24’ అని చీటీ దొరికిందంటే అది ఆయన చేతి రాతే. డిక్కీలో పడేసిన మీటరు అలా మాకు పనికొచ్చింది. ఆ చీటీ పట్టుకుని మేమూ షాపూర్‌నగర్ వెళ్లొస్తుంటాం.

ఆ షాపుకు ఈమధ్య కొత్త బోర్డు వచ్చింది: ‘సెన్సార్ టైరు పంక్చర్ 100 ఎక్కువ. గాలి తీయుటకు 10.’ సారు బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. కొట్లాడతాడేమోనని అందరం చూస్తున్నాం. పది రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు.

“కింద ఇంకో లైను రాయించు తమ్ముడూ. ‘టైరు చల్లబడ్డాకే కొలవబడును’ అని.”

“రాపిస్త సార్. మీ పేరు గూడ రాపియ్యాల్నా?”

“పేరెందుకూ, 33 అని వేయించు చాలు.”