శునకేశ్వరరావుగారు

కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంటు, సన్నీవేలు మొదలగు పట్టణములలో, ఆంధ్రకుటుంబములు పది చేరిన ప్రతి వాడలోను శునకేశ్వరరావుగారొకరు తప్పక నివసించుచుందురు. ఈ పేరు తల్లిదండ్రులు పెట్టినది కాదు, నేను పెట్టినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు పాస్‌పోర్టులోను ఆఫీసులోను మాత్రమే చెల్లుబడియగుచున్నది. వాడలోని పిన్నపెద్దలందఱును వారిని "చిట్టి వాళ్ల నాన్నగారు" అనియే పిలుతురు. చిట్టి వారి కూతురు కాదు, పొమరేనియను జాతి కుక్క. కూతురొకతె కలదు గాని ఆమె పేరు వాడలో నెవరికిని తెలియదు.

మా అమ్మాయి ఇంటికెదురుగా నున్న శునకేశ్వరరావుగారు తెనాలి ప్రాంతపువారు. అరుగెక్కిన కుక్కను చూచినంతనే చీపురెత్తుట, అది గడపలోనికి తొంగిచూచినచో వాకిలి కడిగించుట, పొరపాటున వంటింటి దరికి వచ్చినచో ఆ పూట మడివంట మఱల మొదలుపెట్టుట ఆచారముగా గల యింట జన్మించి, సాఫ్ట్‌వేరు కొలువునకై సముద్రములు దాటివచ్చిన యీ వంశాంకురము, నేడు కుక్కను చంకనెత్తుకొని కూరగాయల దుకాణమునకును, బ్యాంకునకును, పిజ్జా భోజనశాలకును, కడకు గుడిమెట్ల వఱకును నిరాఘాటముగా సంచరించుచుండగా, స్వర్గస్థురాలైన వారి నాయనమ్మ ఏమనుకొనుచున్నదో యని నేననుటయు, "ఆవిడే ఉంటే చిట్టికి జడ వేసేది బాబాయిగారూ" అని వారు సమాధానమిచ్చుటయు మా సాయంకాలపు నడకలో నిత్యవిధులు.

చిట్టికి ఎఱ్ఱని జోడంగీ యొకటి కలదు. దానిపై "సేవాశునకము – తాకరాదు" అని ఆంగ్లమున ఎంత పెద్ద అక్షరములు కుట్టబడినవనగా, దూరమునుండి చూచువారికి అక్షరములే నడచివచ్చుచున్నట్లు తోచును. వాని నడుమ కుక్క యున్నదని పిమ్మట తెలియును. మెడలో ఛాయాచిత్రముతో గూడిన గుర్తింపు కార్డు. ఇంట, దేవుని పటముల ప్రక్కన, బంగారురంగు చట్రములో నమెరికా జాతీయ శునకపట్టికలో పేరెక్కినట్లొక ప్రమాణపత్రము. అట్టి జాతీయ పట్టిక యేదియు ప్రభుత్వమువారి వద్ద లేదు. ఆ పత్రమునిచ్చిన సంస్థవారు కుక్కను చూడలేదు, యజమానిని చూడలేదు. వారు శ్రద్ధతో పరీక్షించినది క్రెడిట్‌కార్డు సంఖ్యను మాత్రమే.

ఇందలి చమత్కారమేమనగా, ఈ సరంజామాలో నొక్కటియు చట్టమునకక్కఱలేదు. 1990లో అమెరికా ప్రభుత్వము చేసిన వికలాంగుల హక్కుల చట్టమును, 2011 మార్చి 15 నుండి అమలులోనికి వచ్చిన దాని నిబంధనలును జోడంగీ నడుగవు, కార్డు నడుగవు, ప్రమాణపత్రము నడుగవు. వైకల్యము గల వ్యక్తికొఱకు ఒక నిర్దిష్టమైన పని చేయుటకు శిక్షణ పొందిన కుక్కయే సేవాశునకము. అంధుని నడిపించుట, చెవిటివానికి శబ్దమును తెలుపుట, చక్రముల కుర్చీని లాగుట, మూర్ఛ వచ్చినవానిని కాపాడుట యిట్టివి ఆ పనులు. (పొట్టిజాతి గుఱ్ఱమునకు గూడ ఆ నిబంధనలలో ప్రత్యేకముగా నొక చోటు కలదు. ఈ సంగతి శునకేశ్వరరావుగారికి నేనింతవఱకు చెప్పలేదు. చెప్పుటకు ధైర్యము చాలలేదు.) సందేహము కలిగిన దుకాణదారుడు అడుగదగిన ప్రశ్నలు రెండే: ఈ కుక్క వైకల్యము కారణముగా అవసరమైన సేవాశునకమా? ఇది ఏ పని చేయుటకు శిక్షణ పొందినది? అంతకుమించి, నీ వైకల్యమేమని అడుగరాదు, కాగితము చూపుమనరాదు, ఆ పని ఇప్పుడు చేయించి చూపుమనరాదు.

చట్టమింత మర్యాదగా నేల మాటలాడుచున్నదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను. 1928లో మోరిస్ ఫ్రాంకు అను అంధయువకుడు స్విట్జర్లాండునుండి బడ్డీ యను శిక్షితశునకముతో తిరిగివచ్చి, వాహనములు క్రిక్కిఱిసిన న్యూయార్కు వీధిని మానవసహాయము లేక దాటి చూపెను. మఱుసటి యేడే 'ది సీయింగ్ ఐ' యను మార్గదర్శకశునకముల పాఠశాల వెలసినది. వీధి దాటుటకు కుక్క చాలినది గాని, రైలుపెట్టెల ద్వారములు, భోజనశాలల ద్వారములు దాటుటకు ఆ మహానుభావుడు ఏండ్ల తరబడి వాదింపవలసివచ్చెను. కన్నులు లేనివాడు కాఫీ త్రాగబోయిన ప్రతి చోట కాగితములు విప్పి తన కష్టమును చదివి వినిపింపవలసిన దుర్గతి కలుగరాదని చట్టము మనుష్యుని నోటిమాటను నమ్మినది. ఆ నమ్మకమునకును గోడకును నడుమ ఒక పొమరేనియను దూరునంత సందు మిగిలినది. అందులోనుండి శునకేశ్వరరావుగారు దూరిరి.

రెండవ ప్రశ్నకు వారు కంఠస్థము చేసిన జవాబొకటి కలదు: "నా బీపీ పెరిగితే నాకు చెబుతుంది." ఎట్లు చెప్పును? "మొరుగుతుంది." చిట్టి తపాలావానిని చూచి మొఱుగును, ఉడుతను చూచి మొఱుగును, టీవీలో గంట మ్రోగిన మొఱుగును, తన జోడంగీని చూచియు మొఱుగును. మొఱిగినప్పుడెల్ల శునకేశ్వరరావుగారి రక్తపుపోటు పెరిగియుండుట నేను కన్నులార చూచిన సత్యము. అందు ఏది కారణము, ఏది కార్యము అను విషయమున మాత్రము తార్కికులు భిన్నాభిప్రాయులు గావచ్చును.

వారి వ్యాధుల చరిత్ర విచిత్రమైనది. మొదట వారు అద్దెయింట నుండిరి. పెంపుడు కుక్కకు నెలనెలా అదనపు అద్దె చెల్లింపుమని యజమాని కోరిన నాటి రాత్రియే వారికి తీవ్రమైన మనోవ్యాకులత ప్రారంభమైనది. ఉనికిచేతనే ఊరటనిచ్చు కుక్కకు సాంత్వనశునకమని పేరు. అది శిక్షణ పొందిన పని చేయదు గనుక దుకాణములలో దానికి సేవాశునకపు హక్కులు లేవు. కాని గృహవసతిని గూర్చిన ఫెడరల్ చట్టము ననుసరించి, తగిన వైద్యలేఖ యున్నచో ఇంటియజమాని దానిని అనుమతింపవలెను, దానికై అదనపు సొమ్ము పుచ్చుకొనరాదు. మనోవ్యథ పరిహాసమునకు తగినది కాదు. యుద్ధమునుండి వచ్చి రాత్రులు నిద్రలేక ఒక కుక్క తలపై చేయివేసి తెల్లవార్చువారున్నారు, వారికి ఆ కుక్క మందుకన్న మిన్న. శునకేశ్వరరావుగారి వ్యథ వేఱు జాతిది. అది అద్దె రసీదును చూచి వచ్చును, మినహాయింపు దొరకగానే పోవును. వారికి లేఖనిచ్చిన వైద్యుడెవరో టెలిఫోనులోనే, కాఫీ చల్లారకమునుపే, సమస్తమును గ్రహించెనట. ఇట్టి దివ్యదృష్టి ప్రబలుట చూచియే కాబోలు, 2022 జనవరి 1 నుండి కాలిఫోర్నియాలో సాంత్వనశునకమునకు లేఖ వ్రాయువాడు కనీసము 30 దినములు ముందుగా ఆ రోగిని ఎఱిగియుండవలెనని శాసించిరి.

విమానముల మాట వచ్చినప్పుడు మాత్రము వారి కన్నులు చెమ్మగిల్లును. ఒకప్పుడు వైద్యలేఖ చూపి చిట్టిని ఒడిలో పెట్టుకొని రుసుము లేకుండ ఎగిరిన దినములు కలవు. 2018 జనవరిలో న్యూయార్కు సమీపపు నెవార్కు విమానాశ్రయమునకు ఒక వనిత సాంత్వనజంతువని నెమలిని వెంటబెట్టుకొని వచ్చినది, విమానమువారు ఎక్కింపమనిరి, లోకమంతయు నవ్వినది. తరువాత 2021 జనవరి 11 నుండి సాంత్వనజంతువులను సేవాశునకములతో సమముగా చూడనక్కఱలేదని ప్రభుత్వము విమానసంస్థలకు సెలవిచ్చినది. "నెమలి మా చిట్టి కొంప ముంచింది బాబాయిగారూ," అందురు వారు. వెంటనే చెంపలు వేసికొని, "సుబ్రహ్మణ్యస్వామి వాహనం, అనకూడదనుకోండి" అని సవరించుకొందురు.

ఒకనాడు మన సరకులమ్ము దుకాణమున జరిగిన వృత్తాంతము చెప్పవలెను. చిట్టి బండిలో, బీరకాయలకును బాసుమతి సంచికిని నడుమ, రాజమాతవలె కూర్చుండియున్నది. సేవాశునకమైనను సామాన్యముగా నేలపై నడువవలెను, లేదా యజమాని యెత్తుకొనవలెను. పచారీబండి ఎక్కుట దాని హక్కులలోనిది కాదు. కౌంటరు వద్దనున్న గుజరాతీ కుఱ్ఱవాడు ఈ సంగతి తెలిసియు, బేరము పోవునను భయముచే నూరకుండెను. ఇంతలో అంధుడైన యొక అమెరికను వృద్ధుడు మామిడిపండ్లకై, నల్లని లాబ్రడారు మార్గదర్శకశునకముతో లోనికి వచ్చెను. చిట్టి బండిపై నిలువున లేచి, తాను జన్మమెత్తిన నాటినుండి దాచుకొనిన మొఱుగులన్నియు నొక్కసారి విప్పినది. లాబ్రడారు మొఱుగలేదు. అయితే ఒక్క క్షణము తల త్రిప్పినది, ఆగినది. ఆ ఒక్క క్షణమునకే ఆ వృద్ధుని మోకాలు ఉల్లిపాయల బస్తాకు తగిలినది. అంధునికి కుక్క పరాకు పడుట యనగా కన్నులు పరాకు పడుట గదా. కుఱ్ఱవాడప్పుడు ధైర్యము తెచ్చుకొని, అదుపు తప్పినను యజమాని అదుపు చేయలేని కుక్కను వెలుపలికి పంపు హక్కు తనకు గలదని, కావలసిన సరకులు తానే తెచ్చి యిచ్చెదనని వినయముగా మనవిచేసెను.

ఇట్టి యెడ అన్యులైనచో ధర్మరాజు కుక్కను తలపోయుదురు. శునకేశ్వరరావుగారు చదువుకొన్నవారు, ఆదిపర్వము నెత్తుకొనిరి. "జనమేజయుడి యాగశాలకి, దేవతల కుక్క సరమ కొడుకు ఊరికే చూడటానికి వెళ్తే రాజుగారి తమ్ముళ్లు కొట్టారు. సరమ శపించింది. తెలుసా మీకు?" అని దుకాణమంతయు వినబడునట్లు గర్జించిరి. గుజరాతీ కుఱ్ఱవానికి తెలుగు రాదు. ఆ శాపము నన్నే తాకినది.

"తెలుసు నాయనా," అంటిని. "ఆ సారమేయుడు హవిస్సు ముట్టలేదు. చూడను కూడా లేదు. సరమ వాదన బలమంతా అక్కడే ఉంది. చిట్టి బూందీ పొట్లం కొరికింది, అదుగో."

నిజమునకు నేటి అమెరికా చట్టమును సరమ సూత్రమునే యనుసరించుచున్నదని నా యభిప్రాయము. సేవాశునకము అదుపులో నున్నంతకాలము, శుచి తప్పనంతకాలము దానిని వెడలగొట్టరాదు. తప్పినచో కొట్టకుండ పంపవచ్చును. జనమేజయుని తమ్ములు ఈ రెండు మాటలు తెలిసికొనియుండినచో ఆ రాజునకు శాపశాంతికై యంత పురోహితాన్వేషణ తప్పియుండును.

కథ యిక్కడ మలుపు తిరిగినది. కౌంటీ జంతుశాఖనుండి శునకేశ్వరరావుగారికి తాఖీదొకటి వచ్చినది: తమ కుక్కకు లైసెన్సు లేదు. జాతీయపట్టిక యుండగా, జోడంగీ యుండగా, బంగారుచట్రము దేవుని ప్రక్కన వెలుగుచుండగా, ఊరి లైసెన్సు లేదు! నాలుగు నెలలు నిండిన ప్రతి కుక్కకును రేబీస్ టీకా వేయించి లైసెన్సు తీసికొనుట యీ రాష్ట్రమున విధి. నిజమైన సేవాశునకమునకును అది తప్పదు. టీకా వేసిన పశువైద్యుడు ఆ వార్తను కౌంటీకి తెలుపుట చాల చోట్ల ఆచారము గనుక చిట్టి దొరికిపోయినది. చట్టమడుగని పత్రములన్నియు సంపాదించి, అడిగిన యొక్క బిళ్లను మఱచిన వారి దైన్యమునకు జాలిపడి నేనును వెంట వెళ్లితిని.

కిటికీ యవతలి ఉద్యోగిని చిఱునవ్వుతో నడిగినది: సామాన్యపు లైసెన్సా, సేవాశునకపు బిళ్లయా? "సేవాశునకమే" యని వారు ఱొమ్ము విఱిచి పలికిరి. ఆమె మాఱు మాటాడక ఒక కాగితమును ముందుకు జరిపినది. మోసబుద్ధితో తన కుక్క సేవాశునకమని చెప్పుకొనుట నేరమని తాను సంపూర్ణముగా గ్రహించియున్నట్లు సంతకము చేయవలసిన ప్రమాణమది. ఆ నేరమునకు ఆఱు నెలల వఱకు జైలు, 1000 డాలర్ల వఱకు జరిమానా, లేదా రెండును. దుకాణములలో నెవరును అడుగరాని కాగితమిక్కడ కిటికీలో కూర్చుండి వారి కొఱకు వేచియున్నది. వారు చదివిరి, మఱల చదివిరి, కలము మూత తీసిరి, పెట్టిరి. చిట్టి మొఱిగినది. వారి రక్తపుపోటు నిజముగనే పెరిగియుండును.

"పెంపుడు కుక్క అనే రాయండి," అనిరి కడకు ఆంగ్లమున, ఎవరో అన్యుల కుక్కను గూర్చి చెప్పుచున్నంత ఉదాసీనముగా.

తరువాత రుసుముల పట్టికను చదువుటలో వారి సహజోత్సాహము తిరిగివచ్చినది. సంతాననిరోధక శస్త్రచికిత్స అయిన కుక్కకు రుసుము సగమో, అంతకు తక్కువయో యుండవలెనని రాష్ట్రశాసనము. చిట్టికి అది యెప్పుడో అయినది. దాని క్రింద వృద్ధులైన యజమానులకు ఇంకను తగ్గింపని యొక పంక్తి కలదు. శునకేశ్వరరావుగారు మెల్లగా నా వైపునకు తిరిగిరి.

"బాబాయిగారూ, మీకు డెబ్బై దాటాయి కదూ?"

"దాటాయి."

"ఓనరుగా మీ పేరు వేయిస్తే..."

"నేను ఆరు నెలల వీసా మీద వచ్చినవాణ్ణి నాయనా. వినాయకచవితికి వెళ్లిపోతాను."

"మీరు వెళ్తే ఏం, చిట్టి ఇక్కడే ఉంటుందిగా."

ఉద్యోగిని నన్ను చూచి, ఈ కుక్క తమదేనా యని అడిగినది. కాదంటిని. వారు సొమ్ము చెల్లించి, బిళ్ల పుచ్చుకొని, కారు వద్దకు వచ్చువఱకు నాతో మాటలాడలేదు, తాళము తీయుచు మాత్రము, "ఒక్క అబద్ధం, అదీ చిట్టి కోసం, ఆడలేకపోయారు కదా బాబాయిగారూ!" అని నిష్ఠురమాడిరి.